గాలి దేలియో ఇంటి చిమ్నీ

ఫబ్రియానోలో వంటింటి చిమ్నీ గురించి తెలియని మనిషంటూ ఉండడు. ఆ ఊళ్ళో పుట్టినవాడు పొద్దున్నే లేచి ముఖం కడుక్కున్నంత మామూలుగా చిమ్నీల ఫ్యాక్టరీకి వెళ్తాడు. వెళ్ళనివాడికి అన్నో బావమరిదో ఎవడో ఒకడు అందులో ఉండనే ఉంటాడు. పెళ్ళి భోజనాల దగ్గర కూడా మోటార్ల గురించి, జాలీల గురించి గొంతు చించుకునే జనం వాళ్ళు. అలాంటి ఊళ్ళో ఒక్క మనిషికి మాత్రం "గాలి దేలియో" అని పేరు పడిందంటే ఆయన సంగతి కాస్త చెప్పుకోవాలి.

దేలియో కౌలు రైతు కొడుకు. గడ్డం మొలిచీ మొలవకముందే ఫ్యాక్టరీలో చేరాడు. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం ద్రాక్షతోట, చలికాలం వస్తే పందిని కోసి సాసేజీలు కట్టడం. ఆయన తరంలో అందరూ అంతే, ఒక చేతికి గ్రీజు, ఇంకో చేతికి మట్టి. ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం పరీక్ష గదిలో. తయారైన చిమ్నీని ఒక పెద్ద ఇనుప పెట్టె మీద బిగించి, అది గంటకు ఎన్ని ఘనమీటర్ల గాలి లాగుతుందో కొలిచి రాయాలి. ఊళ్ళోవాళ్ళు దీన్నంతా కుదించి "లాగుడు" అనేవారు. ఐదువందల లాగుడు, ఏడువందల లాగుడు, అలాగన్నమాట. పదవీ విరమణ చేసేదాకా దేలియో ఆ గదిలోనే ఉన్నాడు. బయటికి వచ్చినప్పుడు చెవిలో మోత తప్ప ఆయనకు పెద్దగా జబ్బులేం లేవు.

సాయంత్రం బార్‌లో పేక ముక్కలు పంచుతుంటే ఎవరో ఒకరు వచ్చేవారు.

"ఒరేయ్ దేలియో, మా అమ్మాయి కొత్త కాపురం పెడుతోంది. ఎంత లాగుడుది పెట్టించమంటావు?"

దేలియో ముక్కలు బోర్లించేవాడు. ఆ బోర్లించడంలోనే ఒక దర్జా ఉండేది.

"వంటిల్లు పొడవెంత? వెడల్పెంత? ఎత్తెంత? మూడూ హెచ్చవేయి. వచ్చినదాన్ని పదితో కొట్టు. గదిలో గాలంతా గంటకు పదిసార్లు మారాలి, అంతే లెక్క. వేపుళ్ళు ఎక్కువైతే పన్నెండుతో కొట్టు. అంతకు మించి పెట్టించావో, మోత తప్ప ఒరిగేదేం లేదు. టీవీలో ఎవడేం వాగుతున్నాడో వినపడదు, మీ ఆవిడ ఏం తిడుతోందో వినపడదు."

"నాక్కావలసింది అదేరా బాబూ!" అనేవాడు ఎదురుగా కూర్చున్న గువాల్తియేరో. ఫ్యాక్టరీ గోదాముకి బాధ్యుడు, దేలియోకి చిన్ననాటి నేస్తం. ప్రతిసారీ అదే మాట అనేవాడు, ప్రతిసారీ అందరూ నవ్వేవారు.

అందరికీ లెక్క చెప్పిన ఈ పెద్దమనిషి ఇంట్లో మాత్రం చిమ్నీ లేదు. దానికి కారణం ఆయన ఇల్లరికం వెళ్ళడం.

భార్య ఫియొరెల్లా ఒక్కతే కూతురు. ఇల్లు ఆమె తల్లి జెలిందాది. వంటిల్లు మరీ జెలిందాది. అందులో ఒక గోడ సగం వరకు గోడపొయ్యి ఉండేది, మనిషి కాస్త వంగి లోపలికి నడిచేంత పెద్దది. గ్యాస్ స్టవ్ ఒకటి వచ్చి పక్కన చేరింది కానీ జెలిందా దాన్ని చుట్టపుచూపుగా వచ్చిన మనిషిని చూసినట్టు చూసేది. ఆవిడ వంటంతా నిప్పుల మీదే. ఇనుప జాలీ మీద సాసేజీలు, గొర్రెపిల్ల పక్కటెముకలు పరిచి, పందికొవ్వు ముద్దను కాగితంలో చుట్టి అంటించి, బొట్టు బొట్టుగా కారే ఆ మంటను మాంసం మీద పడేలా పట్టుకునేది. ఆ రుచి ఇంకెక్కడా రాదు, ఆ పొగా ఇంకెక్కడా రాదు.

కిటికీ మాత్రం తెరవకూడదు. గాలి దెబ్బంటే ఆ ప్రాంతంలో అందరికీ భయమే. చెమట మీద గాలి తగిలితే మెడ పట్టేస్తుందని, తిన్న వెంటనే తగిలితే కడుపు బిగుస్తుందని చదువుకున్నవాళ్ళు కూడా మెడకు గుడ్డ చుట్టుకుంటారు. అయితే జెలిందా భయం ఆ కొలతకు అందేది కాదు. నడి వేసవిలో కూడా వంటింటి కిటికీ గడియ వేసి ఉందో లేదో చూసుకునిగానీ కూర్చునేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కళ్ళు మండి దేలియో కిటికీ తీశాడు. ఆవిడ లేచి వెళ్ళి మూసింది. ఆ తర్వాత వారం పాటు అల్లుడితో మాట్లాడలేదు. దేలియోకి విషయం అర్థమైపోయింది. పగలల్లా పరీక్ష గదిలో గాలిని తోలి, ఇంటికొచ్చి పొగలో కూర్చుని భోంచేసేవాడు. గోడకు కన్నం పెడదామని ఫియొరెల్లా అన్నప్పుడల్లా "నేను పోయాక పెట్టుకోండి" అనేది ముసలావిడ, అక్కడితో ఆ సంగతి ముగిసేది.

ఒక కన్నం మాత్రం పడింది. అది చట్టం పెట్టించిన కన్నం. గ్యాస్ ఉన్న వంటింట్లో బయటి గాలి రావడానికి గోడలో కింద జానెడు రంధ్రం ఉండి తీరాలని, లేకపోతే గ్యాస్ కోసేస్తామని మనుషులు వచ్చి చెప్పారు. మేస్త్రీ వచ్చి పిండి కలిపే పాత చెక్కపెట్టె వెనకాల రంధ్రం తొలిచి, లోపలా బయటా జాలీలు బిగించాడు. జెలిందా కుర్చీలో కూర్చుని అంతా చూసింది. ఒంటికాలి మీద లేస్తుందని ఇంట్లో అందరూ భయపడ్డారు. ఆవిడ మేస్త్రీకి కాఫీ పెట్టి ఇచ్చింది, మంచి మాటలు చెప్పి పంపించింది. ఎవరికైనా అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

దేలియో ఉద్యోగం ముగిసే ఏడాది కూతురు మికేలాకి కొడుకు పుట్టాడు. పేరు పియేత్రో. ప్రతి ఆదివారం మికేలా భర్తను అతని వాళ్ళింటికి పంపి, తను పిల్లాణ్ణి ఎత్తుకుని అమ్మమ్మ వంటింటికి వచ్చేది. మునిమనవణ్ణి చూస్తే జెలిందా ముఖం వెలిగిపోయేది. అయితే పొయ్యి మీద నూనె కాగడం మొదలవగానే పిల్లాడు దగ్గేవాడు.

"అమ్మమ్మా, వీడికి పొగ పడట్లేదే. ఏదో ఒకటి చెయ్యండి."

జెలిందా కాసేపు పిల్లాడి వంక చూసింది.

"చిమ్నీ పెట్టించుకోండి" అంది. ఫియొరెల్లా చేతిలోని గరిటె జారిపోయింది. "కానీ కిటికీ జోలికి వచ్చారో, ఊరుకోను."

విరమణ రోజున ఫ్యాక్టరీవాళ్ళు ప్రతివాడికీ ఇచ్చే బహుమతి ఒకటుంది: గోదాములోకి వెళ్ళి నచ్చిన చిమ్నీ తీసుకోవచ్చు. దేలియో వెళ్ళాడు. దారిలోనే లెక్క వేసుకున్నాడు. వంటిల్లు పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేస్తే యాభై ఐదు ఘనమీటర్లు. పదితో కొడితే ఐదువందల యాభై. కళ్ళు మూసుకుని చెప్పగల లెక్క. కానీ గోదాము మూలన అద్దంలా మెరుస్తూ వెయ్యి లాగుడుది నిలబడి ఉంది. పెద్ద పెద్ద ఇళ్ళకు, విదేశాలకు పోయేది. దాన్ని మొదట కొలిచింది దేలియోనే.

"నీ వంటిల్లు ఎంతరా?" అన్నాడు గువాల్తియేరో.

"నీకెందుకు?"

"ఏం లేదు, లెక్క మర్చిపోయావేమో అని."

"జన్మంతా ఊరందరికీ కొలిచిపెట్టాను. నా ఇంటికి సగం లాగుడుది తీసుకెళ్ళమంటావా? లారీలోకి ఎత్తించు."

మనిషికి ఎంత తెలిసినా తన దగ్గరికొచ్చేసరికి ఎందుకో కొలతలు మారిపోతాయి. ఫియొరెల్లా కూడా అడిగింది: "ఊళ్ళో అందరికీ పదితో కొట్టమంటావు, మనింటికి వచ్చేసరికి ఇరవైతో కొట్టావేమయ్యా?" దేలియో వినపడనట్టు గోడకు గొట్టం బిగించుకుంటూ ఉండిపోయాడు.

ఆ ఏడాదే ఇంటికి కొత్త కిటికీలు కూడా బిగించారు, రెండేసి అద్దాలవి, చుట్టూ రబ్బరు పట్టీలతో. మూస్తే చీమ కూడా దూరదు. జెలిందాకి అవి చాలా నచ్చాయి.

మొదటి ఆదివారం ఫియొరెల్లా మాంసం కూరిన ఆలివ్ కాయలు వేయించడానికి నూనె పెట్టింది. జెలిందా గోడపొయ్యిలో నిప్పులు పరిచింది. మికేలా పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దేలియో అందరి ముఖాలూ ఒకసారి చూసి, మీట నాలుగో నంబరుకి తిప్పాడు. అల్మారాలో గ్లాసులు గణగణమన్నాయి. నూనె పొగ గుప్పుమని లేచి, ఒక్క క్షణం తడబడి, చటుక్కున పైకి మాయమైపోయింది.

"అబ్బ, ఏం లాగుతోంది నాన్నా!" అంది మికేలా.

దేలియో జీవితంలో అంతటి సంతోషం మళ్ళీ వచ్చిందో లేదో తెలియదు. అది కాసేపే నిలిచింది. గోడపొయ్యిలో నిటారుగా పోతున్న పొగ ముందుకు వాలింది. పొయ్యి నుదుటి కిందనుంచి జారి, మెల్లగా, బూడిద రంగులో గదిలోకి నడిచొచ్చింది. ఆ వెనక ఇంకొంచెం, ఆ వెనక ఇంకా చాలా. పియేత్రో దగ్గడం మొదలుపెట్టాడు. ముఖం ఎర్రబడింది, కళ్ళ వెంట నీళ్ళు, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా దగ్గు. మికేలా వాణ్ణి కోటులో చుట్టి పెరట్లోకి పరిగెత్తింది.

"పిల్లాణ్ణి చలిగాలిలో ఉంచకే! లోపలికి తీసుకురా!" అని జెలిందా గుమ్మంలోంచి కేక వేసింది.

"లోపల పొగే అమ్మమ్మా! ఎక్కడికి తీసుకురాను?"

ముసలావిడ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వెనక పొగ, ముందు చలి. ఆవిడ ముఖం సున్నంలా పాలిపోయింది. అందరూ పిల్లాణ్ణి చూస్తున్నారు, ఆవిణ్ణి ఎవరూ చూడలేదు.

"నాన్నా, ఈ పొగ సంగతి తేలేదాకా వీణ్ణి ఇక్కడికి తీసుకురాను. నా మీద కోపం తెచ్చుకున్నా సరే" అని మికేలా కారెక్కి వెళ్ళిపోయింది. ఆలివ్ కాయలు మాడిపోయాయి.

దేలియో తప్పంతా పొగగొట్టం మీదికి నెట్టాడు. గొట్టం దులిపేవాణ్ణి పిలిపించాడు. వాడు ఇంటికప్పు ఎక్కి దిగి, "గొట్టం అద్దంలా ఉంది మామా, నన్నెందుకు పిలిచావు?" అన్నాడు. దేలియో చిమ్నీని మూడుకు తగ్గించి చూశాడు, రెండుకు తగ్గించి చూశాడు. పొగ కొంచెం తగ్గేది, ఆగేది కాదు. చిమ్నీ ఆపితే నూనె పొగ, పెడితే కట్టెల పొగ. తల ప్రాణం తోకకొచ్చింది. బార్‌లో తలా ఒక సలహా ఇచ్చారు. గొట్టానికి టోపీ పెట్టమని ఒకడు, కట్టెలు తడిసి ఉంటాయని ఇంకొకడు. దేలియో మొదటిసారి పేక ముక్కలు బోర్లించకుండా అందరి మాటా విన్నాడు.

మికేలా మాట మీదే నిలబడింది. రెండు ఆదివారాలు బల్ల దగ్గర పిల్లాడి కుర్చీ ఖాళీగా ఉంది. చివరికి ఫియొరెల్లా తేల్చేసింది.

"గోడపొయ్యిని ఇటుకలతో మూయించేద్దాం. మేస్త్రీతో మాట్లాడాను, సోమవారం వస్తానన్నాడు. అమ్మా, నీకు కష్టమేనని తెలుసు. కానీ పిల్లాడు రావాలా వద్దా?"

పెద్ద గొడవ అవుతుందనుకున్నాడు దేలియో.

"మూయించేయండి" అంది జెలిందా. "వాడు రావాలి."

అంతే. ఆ రోజునుంచి ఆవిడ నిప్పు రాజేయలేదు. చల్లారిన గోడపొయ్యి ముందు ఎప్పటి కుర్చీలోనే, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చునేది. స్టవ్ మీద వండింది పెడితే రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేసేది. దేలియో ఆ వైపు చూడలేకపోయేవాడు. ఆవిడ దగ్గర కోపాన్ని భరించడం ఆయనకు అలవాటే, ఈ ఒప్పుకోవడం మాత్రం మింగుడుపడలేదు. సిగ్గేసింది కూడా. ఎందుకంటే వెయ్యి తెచ్చింది తనే.

శనివారం పొద్దున ఫియొరెల్లా సంతకు వెళ్ళింది. దేలియో చిమ్నీ పెట్టి, దాని మోత వింటూ కాసేపు నిలబడ్డాడు. మోత సరిగ్గా లేదు. మోటారు ఏదో గొంతు నులిమినట్టు సన్నగా ఏడుస్తోంది. విసుగేసి, దాన్ని అలాగే వదిలి, చుట్ట ముట్టించుకుని పెరట్లోకి వెళ్ళాడు. సన్నగా వాన పడుతోంది. చూరు కింద గోడకు ఆనుకుని నిలబడితే మోకాలి దగ్గర గ్యాస్‌వాళ్ళ కన్నం జాలీ కనిపించింది. చుట్ట పొగ దాని ముందునుంచే పోతోంది. పోతూ పోతూ అక్కడే వేలాడింది.

దేలియో చూస్తూ ఉండిపోయాడు. లోపల వెయ్యి లాగుడుది గర్జిస్తోంది. ఈ కన్నం చుట్ట పొగను గుటుక్కున మింగాలి. వంగాడు, మోకాళ్ళు టకటకమన్నాయి. చుట్టను జాలీకి ఆనించాడు. పొగ నిదానంగా పైకి, వానలోకి పోయింది.

అప్పుడు ఆయనకు పరీక్ష గది గుర్తొచ్చింది. ఆ గదిలో వెనక గోడ మొత్తం జాలీయే. గాలి లోపలికి రావడానికి పెట్టింది. అంతకాలం ఆయన రోజూ పొద్దున ఆ జాలీ పక్కనే కోటు తగిలించుకున్నాడు. బయటికి పోయేది ఎంతో ప్రతిదీ కొలిచాడు. లోపలికి వచ్చేది ఎంతని ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనకూ అడగాలని తోచలేదు. కన్నం ఉందిగా, అనుకున్నాడు, అంతే.

లోపలికి వచ్చి చెక్కపెట్టె అంచు పట్టుకున్నాడు.

"అల్లుడూ, అది కదపకు" అంది జెలిందా కుర్చీలోంచి.

"ఎందుకత్తయ్యా?"

"నడుం పడుతుంది నీకు."

"నా నడుం సంగతి మీరెప్పుడు పట్టించుకున్నారు కనక?" అని దేలియో ఒక్క ఊపున పెట్టె లాగాడు.

లోపలి జాలీ లేదు. దాని చోట ఒక గుండ్రటి దిండు ఉంది. పిండి సంచి గుడ్డతో కుట్టి, పాత పరుపులోని ఉన్ని దట్టించి, చుట్టూ రెండు వరసల సన్నటి కుట్టు వేసింది. కన్నానికి అచ్చంగా సరిపోయింది. ఇంత బాగా కొలత తీసినవాళ్ళు మా ఫ్యాక్టరీలో కూడా లేరు అనిపించింది దేలియోకి. వేళ్ళు దూర్చి లాగితే సీసా బిరడాలా ఊడొచ్చింది. మణికట్టు మీద చల్లగా గాలి కొట్టింది. అదే క్షణాన వెనక చిమ్నీ గొంతు మారింది. ఏడుపు మాని, లావుగా, హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఉద్యోగమంతా విన్న మోత అది.

దేలియోకి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటత్తయ్యా ఇది? అందరం ఊపిరాడక పోయేవాళ్ళం తెలుసా? నేను గొట్టం దులిపించాను, మనిషిని కప్పెక్కించాను, ఊళ్ళో నలుగురి ముందు వెర్రివాణ్ణయ్యాను! ఇందుకేనా ఆ మేస్త్రీకి కూర్చోబెట్టి కాఫీ పోశారు? ఎల్లుండే పొయ్యి మూయించేస్తున్నాం, అప్పుడైనా నోరు విప్పొద్దూ?"

జెలిందా దిండు వంక చూసింది, దేలియో వంక చూడలేదు.

"యాభై ఆరులో పెద్ద మంచు పడింది" అంది. "కిటికీ అంచుదాకా పడింది. నీకు గుర్తుండదు, చంకలో పిల్లాడివి. మా సాంతేకి అప్పుడు పది నెలలు. ఆ ఉయ్యాల ఇదిగో, ఇక్కడే ఉండేది, వెచ్చగా ఉంటుందని పొయ్యి దగ్గరే వేశాను. మంచుకి గొట్టం మూసుకుపోయినట్టుంది, గదంతా పొగ. వాడు దగ్గుతున్నాడు. కళ్ళు నలుపుకుంటున్నాడు. పొగ పోవాలని నేను కిటికీ తీశాను."

చిమ్నీ మోత వినిపిస్తోంది. దేలియో వెళ్ళి దాన్ని ఆపాడు.

"పొగ పోయింది. బాగా పోయింది. రాత్రికి జ్వరం వచ్చింది వాడికి. డాక్టరు మంచులో రాలేకపోయాడు. వచ్చేసరికి అయిపోయింది."

గుమ్మంలో ఫియొరెల్లా నిలబడి ఉంది. చేతిలో కూరగాయల సంచి, గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. తను పుట్టకముందు పోయిన అన్న ఆమెకు తెలుసు. శ్మశానంలో రాయి మీద కోడిగుడ్డంత ఫొటో ఉంది, ఏటా పువ్వులు పెడతారు. కిటికీ సంగతి తెలియదు.

"అమ్మా, ఎప్పుడూ చెప్పలేదే నువ్వు."

"ఎవరికి చెప్పను? తీసింది నేను."

"ఆ ఏడు ఆ మంచుకి ఎంతమంది పిల్లలు పోయారమ్మా. ఊరంతా చెప్పుకుంటారు."

"వాళ్ళ కిటికీలు ఎవరు తీశారో నాకు తెలీదు" అంది జెలిందా.

ఫియొరెల్లా సంచి నేల మీద పెట్టి, వెళ్ళి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. జెలిందా ఏడవలేదు. ఆ ఏడుపంతా ఎప్పుడో అయిపోయింది.

దేలియో దిండు చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. జ్వరం గాలికి రాదని, ఇంకేదో వల్ల వస్తుందని చెప్పవచ్చు. అరవై ఏళ్ళ తర్వాత అది ఎవరికి పనికొచ్చే మాట? తనకు తెలిసిందే చెప్పాడు.

"తప్పు నాదత్తయ్యా. మన గదికి ఐదువందల యాభై చాలు. గొప్పకి పోయి వెయ్యి తెచ్చాను. గదిలోంచి ఎంత గాలి బయటికి తోలితే అంతా ఎక్కణ్ణుంచో లోపలికి రావాలి. కిటికీలు మూసి, ఇది కూడా మూస్తే దానికి గొట్టం తప్ప దారి లేదు. పొగను వెంటబెట్టుకుని దిగుతుంది. చిన్న యంత్రం పెడతాను, నెమ్మదిగా నడుపుతాను. కానీ ఈ కన్నం తెరిచే ఉండాలి. అప్పుడు పొయ్యి ఉంటుంది, పిల్లాడూ వస్తాడు."

"ఎంత గాలి వస్తుంది అందులోంచి?"

"కొంచెమే."

"కొంచెమంటే?"

గాలి దేలియోకి గంటకు ఇన్ని ఘనమీటర్లని చెప్పడం వచ్చు. ఆవిడ అడుగుతున్న కొలత ఆయన దగ్గర లేదు.

"కొవ్వొత్తి పెడితే ఆరుతుందా?" అని ఆవిడే అడిగింది.

"ఆరదు. కాస్త వంగుతుంది."

జెలిందా చల్లారిన గోడపొయ్యి వంక చూసింది.

"మేస్త్రీని ఒక వారం ఆగమను" అంది.

ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి గోదాము తెరిపించి, దేలియో వెయ్యి లాగుడుదాన్ని వెనక్కి మోసుకెళ్ళాడు. గువాల్తియేరో తలుపు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా, పదితో కొట్టడం గుర్తొచ్చిందా?"

"నోరు మూసుకుని ఐదువందల యాభైది ఇయ్యి."

గువాల్తియేరో ఇంకో నాలుగు మాటలు అందామనుకున్నాడు కానీ, దేలియో ముఖం చూసి చిమ్నీ ఎత్తడానికి సాయం పట్టాడు.

తర్వాతి ఆదివారం తప్పకుండా రమ్మని మికేలాకి ఫియొరెల్లా ఫోన్ చేసింది. "పొగ వస్తే మరుక్షణం వెళ్ళిపోతాను" అని మికేలా ముందే చెప్పి, పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. పియేత్రో కుర్చీ ఎప్పటిలాగే బల్ల చివర పెట్టారు. జెలిందా పొద్దున్నే లేచి నిప్పు రాజేసింది. జాలీ మీద సాసేజీలు పరిచింది. ఆ తర్వాత అందరూ చూస్తుండగా పొయ్యి ముందున్న తన కుర్చీ రెండు చేతులతో పట్టుకుని ఈడ్చడం మొదలుపెట్టింది. దేలియో అందుకోబోతే చెయ్యి విదిలించింది. కుర్చీని కన్నానికీ పిల్లాడి కుర్చీకీ మధ్య వేసింది. ఆ ఉన్ని దిండు తెచ్చి వీపు వెనక పెట్టుకుంది. శాలువా కప్పుకుని, కన్నానికి వీపు పెట్టి కూర్చుంది.

"అమ్మా, అక్కడ గాలి తగులుతుందే నీకు" అంది ఫియొరెల్లా.

"తెలుసు."

"తెలిసీ అక్కడెందుకు మరి?"

"ఎనభై ఆరేళ్ళదాన్ని, నన్నింకేం చేస్తుంది? వాడి మీదికి పోకుండా ఉంటే చాలు." తల కాస్త తిప్పింది. "అల్లుడూ, నేను కూర్చుంటే కన్నం మూసుకుపోవట్లేదు కదా?"

"లేదత్తయ్యా. పక్కలనుంచి వస్తోంది."

"సరే, పెట్టు మరి."

దేలియో మీట మీద చెయ్యి వేశాడు. మూడు మీద పెడితే ఆవిడ శాలువా అంచు కుచ్చులు ఎగిరాయి, భుజాలు ముడుచుకున్నాయి. ఒకటి మీద పెడితే నూనె పొగ గదిలోకి జారుకుంటోంది. రెండు మీద పెట్టాడు. కుచ్చులు పొయ్యి వైపుకు నెమ్మదిగా కదిలాయి, భుజాలు దిగాయి. నూనె పొగ పైకి పోయింది. గోడపొయ్యిలో పొగ నిటారుగా గొట్టంలోకి పోయింది. చెయ్యి తీశాడు. ఆ తర్వాత బార్‌లో ఎవరైనా వచ్చి ఎంత లాగుడుది పెట్టించాలని అడిగితే, పొడవు వెడల్పుల కంటే ముందు, ఇంట్లోకి గాలి ఎటునుంచి వస్తుంది, అక్కడ ఎవరు కూర్చుంటారు అని అడగడం నేర్చుకున్నాడు. ఇదేం లెక్కరా అని గువాల్తియేరో నవ్వేవాడు. దేలియో వివరం చెప్పేవాడు కాదు.

సాసేజీలు కాలాయి. పియేత్రో రొట్టెముక్క చప్పరించి, కాసేపు బల్ల బాది, తల వాల్చి నిద్రపోయాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. మికేలా అమ్మమ్మ పళ్ళెం తెచ్చి ఆవిడ ఒళ్ళోనే పెట్టింది. జెలిందా అక్కడే, వీపు కదపకుండా తింది. మెడ వెనక తెల్ల వెంట్రుకలు గాలికి లేస్తున్నాయి. ఆవిడ చూపు పిల్లాడి మీదే ఉంది.

"పొగ పోతోందా?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండానే.

"పోతోందత్తయ్యా."

"అయితే తెరిచే ఉండనీ" అంది జెలిందా.